ఎడమ పురి

మార్చి 2

మా వియ్యంకుడు మేంగ్ హెడ్మాస్టరు నాకు చేసిన అవమానం ముందు రాస్తాను. మిగతాది తర్వాత.

మావాడు చోంగిల్ పెళ్ళిలో నేను ఆయనకి సోజు సారా పోశాను. ఎడమ చేత్తో పోశాను. పుట్టినప్పటినుంచీ నాకు ఆ చెయ్యే ముందుకు వెళుతుంది. ఆయన గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టి, పెళ్ళి హాలంతా వినేట్టు, "బావగారూ, మీ ఇంట్లో సరైన చెయ్యి దొరకలేదా?" అన్నాడు. జనం నవ్వారు. మా ఆవిడా నవ్వింది. నవ్వలేదంటుంది, నేను చూశాను. మా భాషలో కుడిచేతికి సరైన చెయ్యి అని పేరు పెట్టినవాడెవడో నాకు ఒక్కసారి కనిపిస్తే బాగుండును, ఏ చెయ్యి గట్టిదో చూపించేవాణ్ణి. ఆరేళ్ళయింది. పొయ్యనివ్వని ఆ సోజు ఇంకా నా గొంతులోనే ఉంది.

ఇక మిగతాది. మనవరాలు పుట్టింది! పొద్దున్నే, క్వాంజు పట్నం పెద్దాసుపత్రిలో. ఆరేళ్ళకి! కోడలు యోన్‌హ్వా కులాసాగా ఉందట.

గుమ్మానికి కట్టే గడ్డితాడు పేనాను. ఎడ్లకీ బస్తాలకీ అయితే కుడి పురి తాడు. బిడ్డ పుట్టిన ఇంటి గుమ్మానికి మాత్రం ఎడమ పురి. లోపలికి రాబోయిన చెడు ఆ పురి చూసి తికమకపడి వెనక్కి పోతుంది. ఈ ఊళ్ళో మగాళ్ళు ఎడమ పురి పెట్టబోయి వేళ్ళు విరుచుకుంటారు, నా చెయ్యి దానంతటదే అటు తిరుగుతుంది. అందుకే ఎవరింట బిడ్డ పుట్టినా నా దగ్గరికే వస్తారు. ఏడాదంతా వంకర చెయ్యి, ఆ ఒక్కరోజూ బంగారు చెయ్యి. ఇవాళ నా గుమ్మానికి నేనే పేనుకున్నాను. ఆడపిల్ల కాబట్టి బొగ్గు ముక్కలూ పైన్ రెమ్మలూ గుచ్చాను. పక్కింటి నాజు వదిన చూసి, "ఏం బావా, పిల్లకి కాపలాకా, ఓడ లాగడానికా, ఇంత లావు పేనావు?" అంది. నీకు కుళ్ళు అన్నాను.

మార్చి 3

ఊళ్ళో ఫోను ఊరిపెద్ద కూ ఇంట్లో ఒక్కటే ఉంది. ఎవరికి ఫోనొచ్చినా మైకులో పిలుస్తాడు. ఇవాళ నన్ను పిలిచాడు. నేను వెళ్ళేలోపు ఆగలేక తనే మాట్లాడేస్తున్నాడు. మైకు కట్టెయ్యడం మర్చిపోయాడు. కొండమీద కట్టెలు కొట్టేవాళ్ళతో సహా ఊరంతా విన్నది.

"ఏంటీ, గుండె కుడివైపుందా? కాలేయం ఎడమవైపా? అయ్యయ్యో, పిల్ల తారుమారుగా పుట్టిందా?"

ఫోను లాక్కున్నాను. చోంగిల్ గొంతు జీరపోయి ఉంది. ఎక్స్‌రే తీశారట. పిల్ల లోపలంతా అద్దంలో చూసినట్టు ఉందట. ఎడమన ఉండాల్సినవి కుడిన, కుడిన ఉండాల్సినవి ఎడమన. దానికేదో పొడుగాటి పేరు చెప్పాడు. ఆ పేరు రాయడం నా వల్ల కాదు. తారుమారు అని రాసుకుంటున్నాను.

"నాన్నా, వింటున్నావా?"

"వింటున్నా. ఎడమ చేతి వాటం!"

"ఏంటి నాన్నా?"

"ఒరేయ్ చోంగిల్, అది లోపల్నుంచే ఎడమ చేతి వాటంరా! నేను చేతి వరకే. అది గుండె దాకా! నా పోలికరా!"

మైకు ఇంకా కట్టెయ్యలేదు. బయటికి వస్తే ఊరు ఊరంతా నవ్వుతోంది. నవ్వనీ, నేనూ నవ్వాను. కొట్టు దగ్గర అందరికీ బియ్యం కల్లు పోయించాను, ఎడమ చేత్తో పోశాను, ఎవరూ అరచెయ్యి అడ్డం పెట్టలేదు. ఎగిరాను కూడా. నా వయసుకి ఎంత ఎగరగలనో అంతా ఎగిరాను. మా ఆవిడ గరిటె పట్టుకుని వచ్చింది.

"పిల్ల ఆసుపత్రిలో ఉంటే గంతులేస్తున్నావా? నీకు మతి ఉందా ముసలోడా?"

"ఎదురు తిరిగి నిలబడ్డ గుండె అది! అందరిలాగా ఒక పక్కన పడుండే గుండె కాదు!"

ఇంకోటి కూడా చెప్పాడు చోంగిల్. పాలు కక్కుతోందట. ఆకుపచ్చగా కక్కుతోందట. పిల్లలు కక్కరా.

మార్చి 4

మా ఆవిడ లోపలి గదిలో సంసిన్ అవ్వకి నాచు చారూ అన్నమూ పెట్టి దణ్ణం పెడుతోంది. బిడ్డల్ని పిర్ర మీద చరిచి ఈ లోకంలోకి తోసేది ఆ అవ్వే, అందుకే మా పిల్లలందరికీ పిర్ర మీద నీలం మచ్చ ఉంటుంది. మచ్చ ఏ పక్క ఉందో చోంగిల్‌ని కనుక్కోమన్నాను. అవ్వ కూడా ఎడమ చేత్తో చరిచి ఉంటుంది.

"అవ్వా, ముసలోడి మాటలు పట్టించుకోకు," అంటోంది మా ఆవిడ దేవతతో. "వాడు ఎప్పుడూ ఇంతే."

పొద్దున కూర్చుని ఆలోచించాను. మామూలు బిడ్డకి ఎడమ పురి. మరి లోపలంతా తారుమారైన బిడ్డకి? తాడు కూడా తారుమారవ్వాలి కదా. ఎడమ పురి దీనికి సొంత పురి అయిపోతుంది. చెడు దాన్ని చూసి ఓహో నా ఇల్లే అనుకుని లోపలికి వచ్చేస్తుంది. ఇంత తేలిక సంగతి ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది.

పాత తాడు దించేశాను. కుడి పురి పెట్టబోయాను. చెయ్యి వినదు. ఇటు తిప్పితే అటు పోతుంది, గడ్డి విడిపోతుంది, ఉమ్మి తడి చేసుకుని మళ్ళీ తిప్పితే మళ్ళీ విడిపోతుంది. నా ఇన్నేళ్ళ బతుకులో ఒక్క కుడి పురి తాడు తిన్నగా పేనలేదు. సాయంత్రానికి ఒకటి తయారైంది. పిల్లిపిల్లలు ఆడుకున్న దారంలా ఉంది. కట్టాను.

నాజు వదిన వచ్చి నిలబడి చూసింది. "బావా, ఇది ఎద్దుని కట్టే పురి కదా. మనవరాల్ని కొట్టంలో కట్టేస్తావా ఏంటి?"

"నీకు తెలీదు. దీని లెక్క వేరు."

"అవును మరి, నీ లెక్కే వేరు," అంటూ వెళ్ళిపోయింది. ఊరంతటికీ చెప్పడానికే వెళ్ళింది.

ఇంకా కక్కుతోందట. పిల్లలు కక్కరా. చోంగిల్ కూడా కక్కేవాడు.

మార్చి 5

పేగు మెలిపడిందట. ఆపరేషనట. తాడు దించేశాను. బస్సుకి వెళుతున్నాను.

మార్చి 6

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

నేను వెళ్ళేసరికి పిల్లని లోపలికి తీసుకెళ్ళిపోయారు. బస్సులో దారి పొడుగునా నా చేతుల్నే చూసుకున్నాను. ఈ చేతుల్తోనే కదా ఆ తాడు తప్పుడు పురి పేనింది. తాడు మెలితిరిగింది, పేగూ మెలితిరిగింది. కానీ వాంతులు తాడుకంటే ముందే మొదలయ్యాయి కదా. అవును, ముందే. మూడో తారీఖునే చెప్పాడు చోంగిల్. నేను ఆ రోజు ఎగురుతున్నాను.

వరండాలో బల్ల మీద కోడలు యోన్‌హ్వా. పురిటి బట్టల్లోనే ఉంది. పక్కన వాళ్ళమ్మ, చోంగిల్. కిటికీ దగ్గర మేంగ్ హెడ్మాస్టరు నిలబడి ఒక సిగరెట్టుతో ఇంకో సిగరెట్టు ముట్టించుకుంటున్నాడు. నన్ను చూసి తల ఇంత ఊపాడు. నేనూ అంతే ఊపాను, ఇంకొంచెం తక్కువే ఊపాను.

ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల. చెప్పింది: గుండె పక్క మారిందే గానీ పని బాగానే చేస్తోంది. అన్నీ పక్కలు మారినా జతగానే మారాయి కాబట్టి దానివల్ల పెద్ద భయం లేదు. భయం పేగుతోనే. అది కుదురుగా సర్దుకోక మెలిపడింది, విప్పుతున్నారు.

యోన్‌హ్వా ఒక్కటే అడిగింది. "బతుకుతుందా అని అడగట్లేదు డాక్టరుగారూ. పేగు బాగైందనుకోండి. ఇలా తారుమారుగా ఉన్నవాళ్ళు ఎన్నాళ్ళుంటారు? పెద్దదవుతుందా?"

డాక్టరమ్మ ఏదో చెప్పింది. పుస్తకాల్లో ఉంది, బాగానే ఉంటారు, అరుదు, అలా. యోన్‌హ్వా వినట్లేదు. పుస్తకంలో ఉన్నవాళ్ళు మా కోడలికి ఎందుకు? కళ్ళముందు బతికున్న మనిషి కావాలి.

అప్పుడు డాక్టరమ్మ అడిగింది. "మీ ఇళ్ళల్లో ఎవరికైనా గుండె కుడివైపుందా?"

నేను లేచి నిలబడ్డాను. గుండె మీద చరుచుకున్నాను, కుడివైపు.

"నేను! రాసుకోండి. తాక్ పన్సు. ఇదిగో చూడు తల్లీ, డెబ్భై దాటాను, నిన్ననే కొట్టు ముందు ఎగిరాను." మొన్న. మొన్న ఎగిరాను.

"మీకెలా తెలుసు తాతగారూ?"

"చెయ్యి చూడు!" అని ఎడమ చెయ్యి చాచాను.

"చేతికీ గుండెకీ సంబంధం లేదండీ."

"లేకపోవడమేంటి? ఫోటో తియ్యండి. ఇప్పుడే తియ్యండి. అమ్మాయి చూడాలి."

నర్సు ఏదో అంటుంటే నేను అరిచాను. మేంగ్ సిగరెట్టు దులుపుతూ, "బావగారూ, ఇది ఆసుపత్రి," అన్నాడు.

"ఆసుపత్రి కాబట్టే తియ్యమంటున్నాను, పోస్టాఫీసైతే అడిగేవాణ్ణా?"

ఈ ముసలాయన్ని వరండాలోంచి తీసుకెళ్ళినా చాలనుకుని తీశారు. చొక్కా విప్పించి చల్లటి పలకకి ఆనించారు. ఊపిరి బిగపట్టమంటే ఎంతో గర్వంగా బిగపట్టాను. ఈ కుటుంబానికి నా ఛాతీ ఇంత పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

డాక్టరమ్మ ఆ నల్ల కాయితం దీపానికి పట్టుకుని చూసింది. "తాతగారూ, మీ గుండె ఎడమవైపే ఉంది. అన్నీ మామూలుగానే ఉన్నాయి. చాలా ఆరోగ్యంగా ఉన్నారు."

"తిరగేసి పట్టుకున్నావేమో చూడు తల్లీ."

"లేదండీ."

"ఇంకో ఫోటో తియ్యి."

తియ్యలేదు. ఎడమవైపే ఉందట. అందరికీ ఎక్కడుంటుందో అక్కడే. ఇన్నేళ్ళూ ఈ వంకర చేత్తో తిట్లు తిని, చివరికి లోపల చూస్తే ఊళ్ళో ప్రతి ఎదవకీ ఉన్నట్టే ఉన్నాయన్నమాట. బల్ల మీద కూలబడ్డాను. యోన్‌హ్వా నా వైపు చూసింది. ఆ చూపు రాయను.

మేంగ్ ఇటు తిరగకుండా కిటికీలోంచి చూస్తున్నాడు. సిగరెట్టు పొగ గాజుకి తగులుతోంది. అప్పుడు వియ్యపురాలు, ఎప్పుడూ నోరు విప్పని మనిషి, ఒక్కసారిగా లేచింది.

"చెప్పరేం? ఇప్పుడు కూడా చెప్పరా?"

"నువ్వు ఊరుకో."

"ఊరుకోను. నలభై ఏళ్ళు ఊరుకున్నాను. డాక్టరమ్మా, ఈయనకి కుడివైపే కొట్టుకుంటుంది. నలభై ఏళ్ళుగా నేను ఆ వైపే తల పెట్టి పడుకుంటున్నాను, నాకు తెలీదా!"

నర్సు ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మేంగ్ హెడ్మాస్టరు మొహం చెవుల దాకా ఎర్రబడింది.

"నాన్నా?" అంది యోన్‌హ్వా.

"చిన్నప్పుడు ఒక డాక్టరు చెప్పాడమ్మా," అన్నాడు నేలవైపు చూస్తూ. "మా నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు. సంబంధం రాదని, ఉద్యోగం రాదని. బడి పిల్లలు ఎడమ చేత్తో బలపం పట్టుకుంటే వేళ్ళ మీద కొట్టి మార్పించేవాణ్ణి. అలాంటి మేష్టరు లోపలంతా ఎడమని ఎలా చెప్పుకోను?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. కడుపు పట్టుకుని, గోడ పట్టుకుని నవ్వాను. సరైన చెయ్యట! ఆయన గుండెకి సరైన చోటే దొరకలేదు! ఏదో అందామని నోరు తెరిచాను, ఆరేళ్ళనుంచి దాచుకున్నవన్నీ నాలుక చివరికొచ్చాయి.

యోన్‌హ్వా లేచింది. పచ్చి బాలింత, గోడ పట్టుకుంటూ నడిచి, వాళ్ళ నాన్న కోటు గుండీ విప్పి, కుడివైపు ఛాతీకి చెవి ఆనించింది. అలా చాలాసేపు ఉంది.

"నాన్నా, మీకిప్పుడు ఎన్నేళ్ళు?"

"అరవై ఎనిమిదమ్మా."

"ఎప్పుడైనా జబ్బు పడ్డారా?"

"పళ్ళు తప్ప ఏం లేదమ్మా."

"అరవై ఎనిమిది," అంది ఆవిడ మావాడివైపు తిరిగి. "విన్నావా? అరవై ఎనిమిది! పళ్ళు తప్ప ఏం లేదట!" అని నవ్వింది. పిల్ల పుట్టాక నవ్వడం అదే మొదలట. నవ్వూ ఏడుపూ కలిసి ముక్కు కారుతోంది, తుడుచుకోవట్లేదు. నర్సు కూడా నవ్వుతోంది. అందరం పిచ్చివాళ్ళలా నవ్వుతున్నాం. నా నాలుక చివరివన్నీ మళ్ళీ లోపలికి పోయాయి. ఎక్కడికీ పోవు, ఉంటాయి.

సాయంత్రం ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. పేగు విప్పేశారు, రంగు తిరిగింది, ముక్క కొయ్యాల్సిన పని పడలేదు. పేగు మళ్ళీ పని మొదలుపెడితే గట్టెక్కినట్టే.

నేను అడిగాను. "ఎటు తిప్పి విప్పారు?"

చోంగిల్ నా చొక్కా లాగాడు. డాక్టరు నవ్వాడు. "మామూలుగా అయితే ఎడమకి తిప్పుతాం తాతగారూ. ఈ పిల్ల తారుమారు కదా, కుడికి తిప్పాల్సొచ్చింది."

కుడికి! నేను పేనిందీ కుడి పురే! నాకు ముందే తెలుసు! మా ఆవిడకి ఫోను చేయించి చెప్పాను.

"మరి దించిందెవరు?" అంది.

ఫోను పెట్టేశాను.

మార్చి 7

పేగు ఇంకా కదల్లేదు. పాలు ఇవ్వట్లేదు.

మార్చి 8

కిటికీ అద్దంలోంచి పిల్లని చూపించారు. ముక్కులో గొట్టం. పిడికిలి బిగించి ఉంది. ఏ పిడికిలో చెప్పను, చెబితే నేనే కల్పించానంటారు. ఎడమ.

మేంగ్‌నీ నన్నూ ఎదురుగా ఉన్న పూటకూళ్ళింటికి పంపారు, అన్నం తినమని. ఆయన సూపు రెండు చెంచాలు తాగి గిన్నె పక్కకి తోశాడు. నాకు ఒళ్ళు మండింది.

"తినండి."

"ఆకలి లేదు బావగారూ."

"ఆకలెవడు అడిగాడు? తినండి. అమ్మాయి వచ్చి మీరు తిన్నారా అని అడుగుతుంది. మీరు తింటే పిల్ల తింటుందనుకుంటోంది. అన్నం సూపులో కలుపుకోండి. ఆ ముల్లంగి కిమ్చీ పచ్చడి కూడా."

తిన్నాడు. ఒక్కో ముద్దా ఎటు వెళ్ళి ఎటు దిగుతోందో అని చూస్తూ కూర్చున్నాను. ఆ మనిషి లోపల అన్నం కుడివైపుకి దిగుతుంది, దిగి అరిగి ఒంటికి పడుతుంది, అరవై ఎనిమిదేళ్ళనుంచీ పడుతోంది. ఇంకో గిన్నె తెప్పించాను. ఆయన తేన్చాడు. నా జీవితంలో అంత మంచి తేన్పు వినలేదు.

బయటికి వచ్చి సిగరెట్టు ముట్టించాడు. దగ్గాడు. ఆ దగ్గు నాకు నచ్చలేదు.

మార్చి 9

ఏం లేదు. సంసిన్ అవ్వతో ఇవాళ నేనే మాట్లాడాను. గట్టిగానే మాట్లాడాను.

మార్చి 10

వెళ్ళింది! పిల్లకి విరేచనమైంది! నర్సు పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది, పండక్కి దేవత ఊరేగింపు వచ్చినట్టు! గుడ్డ చూపించమన్నాను, చూపించారు. పచ్చగా, మెత్తగా, ఇంత! మేంగ్ హెడ్మాస్టరు కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశాడు. "బాగుంది," అన్నాడు, వంద మార్కుల జవాబు చూసినట్టు. ఇద్దరం ఆ గుడ్డ మీదికి వంగి నిలబడ్డాం. నర్సు వెనక్కి ఇమ్మంటే ఇవ్వబుద్ధి కాలేదు.

ఊరిపెద్ద కూకి ఫోను చేయించాను. మైకులో చెప్పమన్నాను. చెప్పాడట: "తాక్ పన్సు గారి మనవరాలు దొడ్డికెళ్ళింది, అందరూ సంతోషించండి." నాజు వదిన చప్పట్లు కొట్టిందట. మా ఆవిడ సిగ్గుతో గుమ్మంలోంచి బయటికి రాలేదట. రాదు, లోపల ఏడుస్తూ ఉంటుంది.

మార్చి 12

పాలు తాగింది. కక్కలేదు.

మార్చి 13

కక్కలేదు.

మార్చి 27

పిల్ల ఇంటికొచ్చింది. తాడు కట్టుంచే రోజులు అయిపోయాయి, అయినా కొత్తది పేని కట్టాను. ఏ పురి అని నాజు వదిన అడిగింది. రెండూ కట్టాను, ఒకటి అటు, ఒకటి ఇటు. ఏ చెడు ఏ పక్కనుంచి వస్తుందో ఎవడికి తెలుసు. "చెడు మాట దేవుడెరుగు, నాకే తికమకగా ఉంది," అని వంగి కిందనుంచి దూరి వచ్చింది.

పిల్ల పిర్ర మీద మచ్చ నడిమధ్యన ఉంది. అవ్వ రెండు చేతుల్తోనూ చరిచినట్టుంది.

ఒళ్ళో పెట్టారు. కుడివైపు వేలు ఆనించాను. చిన్న పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టుంది. ఎంత గోల! మా ఆవిడ, "చాల్లే, ఇటియ్యి," అంటోంది. ఇవ్వలేదు. పాట పాడాను. నాకు పాట రాదు. అయినా పాడాను.

ఏప్రిల్ 3

మేంగ్ వచ్చి వెళ్ళాడు. పిల్ల దగ్గర కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నాడు. బయటికి వెళ్ళి మూడు సిగరెట్లు కాల్చాడు. దగ్గు లోపలి గది దాకా వినిపించింది. యోన్‌హ్వా లోపల పిల్లకి పాలిస్తూ ఆ దగ్గు వింటోంది. నేను చూశాను. పాలివ్వడం ఆపి వింటోంది. దగ్గు ఆగాక మళ్ళీ ఇచ్చింది.

బస్సు దగ్గర అడిగాను. "ఆ సిగరెట్లు మానండి. డాక్టరమ్మ దగ్గరికెళ్ళి ఆ ఛాతీ చూపించుకోండి."

"బావగారూ, నా ఛాతీ నా ఇష్టం," అని నవ్వి ఎక్కేశాడు.

బస్సు వెళ్ళిపోయింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను, రేపు కూ ఇంటి ఫోన్లో ఇదే చదివి వినిపిస్తాను. మైకు కట్టెయ్యొద్దంటాను, ఊరంతా సాక్ష్యం ఉంటుంది.

మేంగ్ హెడ్మాస్టరుగారూ, మీ ఛాతీ మీ ఇష్టం కాదు. అరవై ఎనిమిదేళ్ళు అది మీదే, ఎవరికీ చూపించకుండా దాచుకున్నారు, సరే. మార్చి అయిదున మీ అమ్మాయి దానికి చెవి ఆనించింది. ఆ రోజునుంచి అది మీది కాదు. మీరు డెబ్భై దాటితే పిల్ల డెబ్భై దాటుతుందని ఆవిడ లెక్క. మీరు ఎనభై దాటితే ఎనభై. ఆ లెక్క తప్పని డాక్టరమ్మ చెబితే వింటుందా? వినదు. నేనూ వినను. కాబట్టి మీరు తొంభై దాకా ఉండాలి, దగ్గకుండా ఉండాలి. మీరంటే నాకు పడదు, అది అలాగే ఉంటుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. సిగరెట్లు మానతారా మానరా? ఏప్రిల్ పదిహేనుకల్లా చెప్పాలి. మానను అని చెప్పడానికి వీల్లేదు. పదిహేనో తారీఖు సాయంత్రం బస్సు దాకా చూస్తాను, జవాబు రాకపోతే పదహారు పొద్దున బస్సుకి పిల్లని ఎత్తుకుని నేనే వస్తాను, దాని మొహం చూస్తూ ముట్టించండి చూద్దాం.